స్కూల్లో డిజిటల్ టెక్నాలజీ సుస్థిర అభివృద్ధి చదువుకు ఎలా పనికొస్తుంది?

ట్యాబ్‌లు పంచినంత మాత్రాన చదువు మెరుగుపడదు. పిల్లలు వాటితో ఏం చేస్తున్నారన్నదే ముఖ్యం. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాల్లో నాలుగోది విద్య. సుస్థిర అభివృద్ధికి (అంటే నీళ్లు, నేల లాంటివి రేపటి తరాలకూ మిగిలేలా ఎదగడానికి) కావాల్సిన జ్ఞానం, నైపుణ్యాలు 2030 నాటికి చదువుకునే అందరికీ అందాలని అందులోని 4.7 అంశం చెబుతుంది.

ఇది మన ఊళ్లో ఎలా ఉంటుందో చూడండి. ఎనిమిదో తరగతి పిల్లలు వారానికోసారి ఊరి బావిలోకి రాయి కట్టిన తాడు వదులుతారు. పైకి లాగి, తడవని భాగాన్ని టేపుతో కొలిస్తే నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో తెలుస్తుంది. ఆ అంకెల్ని స్కూలు కంప్యూటర్‌లో ఎక్కించి, పక్కనే వాన లెక్క వేసి గ్రాఫ్ గీస్తారు. ఎండాకాలంలో నీళ్లు ఎందుకు ఇంకా లోతుకు పోయాయి, బోర్లు ఎన్ని పెరిగాయి అని వాళ్లే అడగడం మొదలుపెడతారు. నా దృష్టిలో అసలు చదువు అదే.

పాఠాల విషయానికొస్తే, 2017 సెప్టెంబర్ 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన దీక్ష అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఉంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వీడియో వస్తుంది. కానీ చాలా ఇళ్లలో ఉండేది ఒక్కటే ఫోన్, అది పొద్దున్నే నాన్నతో పనికి వెళ్లిపోతుంది. అందుకే టీచర్లు వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసి క్లాసులోనే చూపించాలి. పాడైన ట్యాబ్‌ను మూలన పడేయకుండా రిపేర్ చేయించడం కూడా ఈ పాఠంలో భాగమే.