టెక్ సందేహాలు: చదివాడు సరే, అర్థమైందా?

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్.పురంలో ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లిష్ చెబుతున్నాను. చాలామంది అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన కూలీల పిల్లలు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లిష్. పాఠాలు ఏఐ చాట్‌బాట్‌తో రాయిస్తున్నాను. మైక్రోసాఫ్ట్ వర్డ్ వాటిని 'గ్రేడ్ 4', అంటే నాలుగో తరగతి స్థాయి అంటోంది. అయినా ఏడో తరగతి పిల్లలు తెల్లమొహం వేస్తున్నారు. వాళ్ల చదువును కొలిచే యాప్ ఏదైనా ఉందా?

జవాబు: యాప్ సంగతి తర్వాత. ముందు ఆ 'గ్రేడ్ 4'ను నమ్మడం మానేయండి టీచర్ గారూ. వర్డ్ చూపించేది ఫ్లెష్-కిన్‌కెయిడ్ లెక్క. అమెరికా నౌకాదళం తన సిబ్బంది మాన్యువల్స్ కోసం 1975లో చేయించుకున్నది. వాక్యానికి ఎన్ని మాటలు, మాటకు ఎన్ని సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు) అన్నదే చూస్తుంది, అర్థం దానికి పట్టదు. పైగా ఆ గ్రేడ్ అమెరికా తరగతి.

'హీ పుట్ ఆఫ్ ద ట్రిప్' అన్న వాక్యం తీసుకోండి. అన్నీ పొట్టి మాటలే. లెక్క ప్రకారం ఒకటో తరగతి కంటే తేలిక. మీ పిల్లాడికి 'పుట్' అంటే పెట్టడం, 'ఆఫ్' అంటే ఫ్యాన్ ఆపడం. రెండూ కలిస్తే 'వాయిదా' అని వాడికెలా తెలుస్తుంది? అదే 'ఎలిఫెంట్' మూడు సిలబుల్స్ కాబట్టి కష్టమట. ఏనుగు తెలియని పిల్లలున్నారా!

అందుకే చాట్‌బాట్‌ను గ్రేడ్ అడగొద్దు, షరతులు పెట్టండి. 120 మాటలు, కొత్తవి ఐదే, ఒక్కోటి మూడుసార్లు రావాలి, 'పుట్ ఆఫ్' లాంటి జంటమాటలు వద్దు, కథ బస్‌స్టాప్‌లోనో సంతలోనో జరగాలి. అంతకంటే ముందు పీరియడ్ చివర పిల్లలు ఏం చేయగలగాలో మీరే రాసుకోండి. 'నోటీసు చదివి, బస్సు ఏ స్టాపులో ఆగదో చెప్పాలి' అన్నంత కచ్చితంగా. పరీక్ష ముందు, పాఠం తర్వాత. తలకిందులుగా ఉన్నా పనిచేస్తుంది.

ఇక కొలవడం. దీనికి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ చాలు. నిమిషంలో 62 మాటలు చదివి ఏడు తప్పు పలికితే సరైనవి 55, అంటే సుమారు 89 శాతం. 95 దాటితే పాఠం తేలిక, 90కి తగ్గితే ఆ పిల్లాడికి కష్టం. ఈ లెక్క వేసిపెట్టే యాప్‌లూ ఉన్నాయి. కానీ మనవాళ్లు 'బుక్కు', 'బస్సు' అంటే కొన్ని తప్పు కింద రాసేస్తాయి. అది యాస, తప్పు కాదు. నా మాటే నా ఫోన్‌కు సగంసార్లు అర్థం కాదు, పిల్లలనేం అంటాం? యాప్ ఇచ్చిన మార్కును మీ చెవితో ఓసారి సరిచూసుకోండి.

గడగడా చదివినవాడికి అర్థమైందని కూడా అనుకోకండి. పుస్తకం మూయించి, కథను తెలుగులోనో కన్నడలోనో చెప్పమనండి. సరిగ్గా చెబితే చదువు వచ్చినట్టే. ఇంగ్లిష్‌లో చెప్పడం వేరే మెట్టు, దానికి వేరే మార్కు.

బెంగళూరు సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్లో కథలు ఉచితం. స్థాయిల వారీగా ఉంటాయి, చాలావాటికి తెలుగు, ఇంగ్లిష్ రెండూ దొరుకుతాయి. ఒక చిక్కు: ఇక్కడ పెరిగిన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగు కథ మీరే చదివి వినిపించి, తర్వాత ఇంగ్లిష్‌ది చేతికివ్వండి.

ప్రశ్న: పిల్లలు చదివిన రికార్డింగులు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?

జవాబు: వద్దు. తడబడే గొంతు ముప్పై ఇళ్లలో మోగితే వాడు రేపు నోరు విప్పడు. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఎవరి రికార్డింగు వాళ్ల అమ్మకో నాన్నకో విడిగా పంపండి. మార్కులు రాసుకున్నాక మీ ఫోన్‌లోంచి తీసేయండి. మెమరీ కూడా ఖాళీ అవుతుంది.