వియ్యాలవారి పండగ మనింట్లో ఎలా చేయాలి?

ప్రశ్న: మేం హ్యూస్టన్‌లో ఉంటాం. సొంతూరు అమలాపురం వైపు. మా అబ్బాయి ఈమధ్యే మెక్సికన్ కుటుంబంలోని అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. మొదటి క్రిస్మస్ కదా అని వియ్యాలవారినీ మా స్నేహితులనూ పిలిచి మెక్సికన్ థీమ్ పార్టీ చేద్దామనుకున్నాను. పెద్ద అంచుల టోపీలు, పెట్టుడు మీసాలు కొన్నాను. అవి చూసి మావాడు కేకలేశాడు. కోడలు ఏమీ అనలేదు గాని, ముభావంగా ఉంటోంది. మావారేమో ఇంట్లో మాంసం వండితే ఒప్పుకోనంటున్నారు. పార్టీ మానేయనా?

జవాబు: మానేయకండి అమ్మా. మొదటి పండక్కి వాళ్ళను మీ ఇంటికి పిలవాలనుకోవడమే పెద్ద మనసు. ఆ టోపీలు, మీసాలు మాత్రం తిరిగిచ్చేయండి. అమెరికాలో మెక్సికన్లను వెక్కిరించడానికి ఏళ్ళ తరబడి వేసిన వేషం అది. మీ అబ్బాయి కోపం భార్య తరఫున వచ్చిన కోపం. దాన్ని పట్టించుకోకుండా నేరుగా కోడలితోనే మాట్లాడండి. ‘తెలియక కొన్నానమ్మా, నీ మనసు కష్టపెట్టాను, తిరిగిచ్చేశాను’ అంటే చాలు. సంజాయిషీలు వద్దు.

తర్వాత మీ వియ్యపురాలికి ఫోన్ చేసి, ‘క్రిస్మస్‌కి మీ ఇంట్లో ఏం చేస్తారు?’ అని అడగండి. చాలా మెక్సికన్ కుటుంబాలు డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు పోసాదలు జరుపుకుంటాయి. నిండు చూలాలు మరియమ్మ, యోసేపు తలదాచుకునే చోటు కోసం తిరిగిన కథ అది. కొందరు గుమ్మం బయట నిలబడి చోటివ్వమని పాడతారు. లోపలివాళ్ళు పొమ్మని పాడతారు. చివరికి తలుపు తీసి అందర్నీ లోపలికి పిలుస్తారు. ఆ తర్వాత జామపళ్ళు, చెరకు ముక్కలు, దాల్చినచెక్క వేసి కాచిన వేడి వేడి పోంచే తాగుతారు, పిల్లలు మిఠాయిలు నింపి వేలాడదీసిన పిన్యాటా బొమ్మను కర్రతో పగలగొడతారు. వాళ్ళింట్లో ఈ ఆనవాయితీ ఉంటే ఒక రాత్రి మీ గుమ్మంలో జరపమని అడగండి. లేదంటే వాళ్ళు చేసుకునేదే చేయండి. అప్పుడు థీమ్ గొడవే ఉండదు.

ఇక వంట. మీవారి పట్టింపును దాచిపెట్టకండి. పండగ రోజున వాళ్ళు పంది మాంసం తమాలెలు (మొక్కజొన్న పిండిలో కూరిపెట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం) గిన్నె నిండా తెచ్చాక గుమ్మంలో చెబితే అది అవమానం. ముందే చెబితే మామూలు సంగతి. తమాలెల పిండిలోనూ, ఉడికించి మెదిపిన చిక్కుడు గింజల్లోనూ పంది కొవ్వు, అన్నంలో కోడి రసం పడటం మామూలే. కాబట్టి పైకి మాంసం కనబడనంత మాత్రాన శాకాహారం అనుకోవద్దు. పిండిలో నూనె వేసి, పొబ్లానో మిరపకాయ చీలికలూ చీజూ లోపల పెట్టి కూడా తమాలెలు చేస్తారు.

అసలు తమాలెలు ఒక్కరు చేసే వంట కాదు, ఆడవాళ్ళూ పిల్లలూ చుట్టూ కూర్చుని చేస్తారు. పార్టీకి ముందు ఒక ఆదివారం వియ్యపురాలిని మీ వంటింటికి పిలవండి. మొక్కజొన్న పొత్తుల ఎండు పొరలు వేణ్ణీళ్ళలో నానబెట్టి, మొక్కజొన్న పిండి పూసి, మడిచి, నిలబెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. పిండి సరిగ్గా గిలక్కొట్టారా లేదా అని చిన్న ఉండ నీళ్ళలో వేసి, తేలితే సరిపోయిందంటారు. పనసాకుల్లో పొట్టిక్కలు వండే ఊళ్ళ నుంచి వచ్చినవారు, మీ చేతులకు ఈ పని ఇట్టే పట్టుబడుతుంది. కోడల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. నలుగురూ పిండి పూస్తున్నప్పుడు ఆ ముభావం ఎక్కువసేపు నిలవదు.

మీవారితో ఒక సంగతి ముందే తేల్చుకోండి. మన పొయ్యి మీద మాంసం వండటం వేరు, వాళ్ళు తెచ్చుకున్నది పెరట్లో వేరే బల్ల మీద తినడం వేరు. రెండోదానికైనా ఒప్పుకుంటారేమో అడగండి. ససేమిరా అంటే ఆ మాట వియ్యంకుడితో ఆయన్నే మర్యాదగా చెప్పమనండి, మీ నెత్తిన వేసుకోకండి. మీ స్నేహితుల్ని మాత్రం ఈసారికి పిలవొద్దని నా సలహా. రెండు కుటుంబాలూ ఇంకా మొహమాటపడుతుండగా ముప్ఫైమంది చూస్తూ ఉండటం ఎవరికీ బాగుండదు. స్నేహితులకు సంక్రాంతికి భోజనం పెట్టండి.