బీరువా నిండా బట్టలే, వేసుకోవడానికి మాత్రం ఏమీ లేవు

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మావారి జీతం 62 వేలు, నాకు ట్యూషన్ల మీద తొమ్మిది వేలు వస్తాయి. మా అమ్మాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. పోయిన ఏడాది దాని బట్టలకే 46 వేలు అయింది. అయినా ఎక్కడికి బయల్దేరినా "వేసుకోవడానికి ఏం లేవమ్మా" అంటుంది. ఫోన్‌లో ఎప్పుడూ ఏదో ఒకటి బుక్ చేస్తూనే ఉంటుంది. దాన్ని కట్టడి చేసేదెలా? మా వీధిలో ఒకావిడ దీపావళి ఫండ్ నడుపుతున్నారు. నెలకు వెయ్యి కడితే పండగ బట్టలకు దిగులుండదంటున్నారు. చేరమంటారా?

జవాబు: ఖర్చుల చిట్టా కూడా రాసి పంపారు, మంచి పని చేశారు. అది లేకపోతే నేనూ మీతో కలిసి ఆన్‌లైన్ షాపింగ్‌ని తిట్టి ఊరుకునేదాన్ని.

మీరు రాసిన లెక్కే చూద్దాం. పట్టు లంగా ఓణీ 14,500. దాని జాకెట్టుకి మగ్గం వర్క్ 4,500. రిసెప్షన్‌కి లెహంగా 8,000. ఈ మూడూ కలిపి మీ ఆడపడుచు పెళ్లి ఒక్కదానికే 27 వేలు. పుట్టినరోజు, ఉగాది, దీపావళి డ్రెస్సులు 7,500. యూనిఫాం, స్కూలు బూట్లు 5,000. ఇక మీరు కోప్పడుతున్న ఆన్‌లైన్ బట్టలు 6,500, అంటే నూటికి పద్నాలుగు రూపాయలు. మిగతావన్నీ మీరు దగ్గరుండి కొన్నవే. కట్టడి ఎవరికి కావాలంటారు?

పాప అబద్ధం చెప్పడం లేదు. వారంలో ఐదు రోజులు యూనిఫాం వేసుకుంటుంది. సాయంత్రం ట్యూషన్‌కి, శనివారం ఫ్రెండ్స్ ఇంటికి, ఆదివారం గుడికో బీచ్‌కో వెళ్లడానికి ఏం ఉన్నాయో ఒకసారి బీరువా తీసి చూడండి. మీ చిట్టాలో వాటికంటూ పైసా లేదు. ఆ ఖాళీనే అది 399 రూపాయల టీషర్టులతో పూడ్చుకుంటోంది. పెళ్లి బట్టలు ఏడాదికి రెండుసార్లు బయటికొస్తాయి, మూడో ఏడాదికి పొట్టివైపోతాయి.

కాబట్టి డబ్బుని రెండు సంచులుగా విడదీయండి. పెళ్లిళ్లూ పండగలూ మీ సంచి. నలుగురిలో మన పిల్ల బాగా కనపడాలన్న కోరిక మీది, తప్పేం లేదు, కానీ ఆ ఖర్చు పిల్ల పేరున రాయకండి. దీనికి ఏడాదికి పది వేలు చాలు. రోజువారీ బట్టలు పాప సంచి, ఏడాదికి పన్నెండు వేలు. యూనిఫాం, బూట్లకు ఐదు వేలు, లోదుస్తులకు మూడు వేలు విడిగా పెట్టండి. మొత్తం 30 వేలు, అంటే నెలకు 2,500. మిగిలే 16 వేలు ప్లస్ వన్ (పదకొండో తరగతి) అడ్మిషన్ నాటికి పనికొస్తాయి.

లోదుస్తుల దగ్గర మాత్రం లెక్క చూసుకోకండి. ఈ వయసులో ఆర్నెల్లకే కొలత మారిపోతుంది. పాత కొలతవే ఈడ్చుకురావడం, అక్క బట్టలు సర్దడం చాలా ఇళ్లలో చూస్తుంటాను. సరైన కొలత లేకపోతే పైన ఎంత ఖరీదైన కుర్తీ వేసినా పిల్ల భుజాలు ముడుచుకునే నడుస్తుంది.

పాప పన్నెండు వేలు నెలనెలా వెయ్యి చొప్పున ఇవ్వకండి. వెయ్యి అంటే రెండు టీషర్టులు, అక్కడికి సరి. మూడు నెలలకోసారి మూడు వేలు ఇవ్వండి. అప్పుడు కూర్చుని ఆలోచిస్తుంది: ఒక జీన్స్ కొంటే ఎంత మిగులుతుంది, కుర్తీలకు చాలుతుందా అని. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరున సేవింగ్స్ ఖాతా తెరిచి సొంతంగా నడుపుకునేలా బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో చెప్పింది. ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. ఖాతాలో ఉన్నదానికి మించి తీయడం కుదరదు, మనకు కావాల్సిందీ అదే. మొదటి విడత తప్పకుండా తగలేస్తుంది. మీరు మధ్యలో చెయ్యి పెట్టకండి. రెండో విడత నుంచి తేడా కనపడుతుంది.

ఏం కొనాలో పాపే తేల్చుకోనీయండి, చెన్నై వాతావరణం మాత్రం గుర్తు చేయండి. ఇక్కడి ఉక్కకి పాలిస్టర్ టాప్ గంటసేపు కూడా ఓర్చుకోలేం. నాలుగైదు కాటన్ కుర్తీలు, వాటన్నిటికీ నప్పే నలుపో ముదురు నీలమో రెండు ప్యాంట్లు, ఇంట్లోకి మూడు నైట్ ప్యాంట్లు ఉంటే వారం గడిచిపోతుంది. జీన్స్ రెండు చాలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో జీన్స్ రెండు రోజులైనా ఆరదు, ఇంట్లో ఫ్యాన్ కింద వేసి కరెంటు బిల్లు కట్టుకోవాలి. స్వెట్టర్ జోలికి వెళ్లనే వద్దు.

టీ నగర్ వెళ్తే రంగనాథన్ వీధి జనంలో పడి నలిగిపోయి, ఏదో ఒకటి కొనేసి బయటపడతారు. మీకు వాషర్‌మన్‌పేట ఎం.సి. రోడ్డు దగ్గర కదా, మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. (టీ నగర్‌కి ఆ పేరు వచ్చింది పిట్టి త్యాగరాయ చెట్టి అనే తెలుగాయన వల్లే. పాపకి చెప్పండి, బస్సులో కాలక్షేపం.) జూలై మధ్య నుంచి నెల రోజులు ఆడి (తమిళ నెల) తగ్గింపులు ఉంటాయి. మన ఆషాఢం అంతకన్నా ముందే మొదలవుతుంది, రెండూ ఒకటనుకోకండి. తమిళనాడు చేనేత సహకార సంఘం కో-ఆప్టెక్స్‌లో దీపావళికి చేనేత మీద 30 శాతం దాకా రిబేటు ఇస్తుంటారు. కాటన్ అక్కడ బాగుంటుంది.

ఇక మీ సంచి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ డ్రెస్ ఒక్కోటి 2,500 దాటితే జీఎస్టీ 18 శాతం, ఆ లోపైతే 5 శాతం. అదే గుడ్డగా కొంటే ఖరీదు ఎంతైనా 5 శాతమే. పన్నుకి ముందు ఆరు వేలున్న రెడీమేడ్ లెహంగాకి పన్నే 1,080. అంతే ధర గుడ్డకి 300. ఆ తేడాతో కుట్టుకూలిలో కొంత వచ్చేస్తుంది. అసలు మీ పెళ్లినాటి పట్టుచీరల్లో మీరు కట్టనివి ఉంటాయి కదా, వాటిలో ఒకటి లంగాగా కుట్టించండి. అంచు దగ్గర లోపలికి మూడు అంగుళాల మడత, జాకెట్టు పక్కల్లో గుడ్డ వదలమని టైలర్‌కి ముందే చెప్పండి. పాప ఇంకో రెండు మూడు అంగుళాలు పెరిగినా మడత విప్పితే సరిపోతుంది. పోయినేడు కొన్న లంగాకీ అలా ఉందేమో చూడండి.

దీపావళి ఫండ్‌లో చేరకండి. నా చిన్నప్పుడు మా అమ్మ అలాంటి దానిలోనే పదకొండు నెలలు కట్టింది. ఐప్పశి (దీపావళి వచ్చే తమిళ నెల) రాగానే ఫండ్ నడిపే ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. రసీదు అంటే అట్టముక్క మీద పెన్సిల్ గీతలు. ఎవర్ని అడగాలో కూడా తెలియలేదు. ఆ ఏడు మా ముగ్గురికీ కొత్తబట్టలు లేవు. జనం దగ్గర ఇలా డబ్బు జమ చేయించుకోవాలంటే చట్టప్రకారం అనుమతి ఉండాలి. మీ వీధి ఆవిడని ఆ కాగితం చూపించమనండి, లేకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. దాని బదులు బ్యాంకులో సెప్టెంబర్‌లో నెలకు 850 రూపాయలతో ఏడాది ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. ఆరు శాతం వడ్డీ అనుకున్నా మళ్లీ సెప్టెంబర్‌కి పది వేల ఐదు వందలు చేతికొస్తాయి, దీపావళి బజారుకి సరిగ్గా ముందు.