కుక్క అలసిపోతే హెచ్చరిక రాదు

ప్రశ్న: మా అబ్బాయికి టైప్‌-1 షుగర్. షుగర్ పడిపోతుంటే వాసన పట్టి హెచ్చరించే లాబ్రడార్ ఉంది, 28 కిలోలు. దాన్ని వెంటబెట్టుకుని మార్చిలో జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా అప్పలేచియన్ ట్రయల్ అనే కొండబాట మొత్తం నడుస్తానంటున్నాడు. కుక్క తిండి, కాళ్ల సంగతి ఏం చూసుకోవాలి?
– ఓ తల్లి, అట్లాంటా

జవాబు: ఆ బాట దాదాపు 3,500 కిలోమీటర్లు, 14 రాష్ట్రాలు. 1990లో బిల్ ఇర్విన్ అనే అంధుడు ఓరియంట్ అనే గైడ్ కుక్కతో పూర్తిచేశారు కాబట్టి కుదరని పనేం కాదు. కాకపోతే మీ కుక్క పనంతా ముక్కుతో. ఎండలో ఎక్కుడు ఎక్కి రొప్పుతున్న కుక్క నోటితోనే గాలి పీలుస్తుంది, వాసన సరిగా పట్టలేదు. పైగా బాగా నడిచిన రోజు షుగర్ రాత్రి నిద్రలో పడిపోతుంది. అలసిన కుక్కా అప్పుడు మొద్దు నిద్రలోనే ఉంటుంది. అందుకే ఒంటికి అతికించుకుంటే షుగర్‌ని ఎప్పటికప్పుడు కొలిచే సీజీఎం సెన్సర్ తీయొద్దు, దాని అలారం మోగే ఫోన్‌కి పవర్ బ్యాంక్ తప్పనిసరి. కుక్కని రెండో కాపలాగానే లెక్కేసుకోండి.

మొదటి రెండు వారాలు రోజుకు 12, 13 కిలోమీటర్లు చాలు, వారానికో రోజు పూర్తి విశ్రాంతి. తిండి ఇంట్లో పెట్టేదానికి దాదాపు రెట్టింపు: 2,100 నుంచి 2,500 కేలరీలు, అంటే పొడి తిండి 600 గ్రాములకు అటూఇటూ. ఐదు రోజులకు 3 కిలోలు. ఆ బరువు అబ్బాయే మొయ్యాలి, పనిచేసే కుక్క వీపు మీద వేయొద్దు. రాత్రి దాని తిండి కూడా మన తిండితోపాటే ఎలుగుబంటికి అందకుండా దాచాలి.

అసలు తంటా పాదాలతో. పెన్సిల్వేనియా రాళ్లు, న్యూహాంప్‌షైర్ గ్రానైట్ పాదాల మెత్తల్ని అరగదీస్తాయి. ఆగిన ప్రతిచోటా వేళ్లు విడదీసి చూడాలి. మెత్త గులాబీ రంగుకి తిరిగి నిగనిగలాడుతుంటే పైపొర పోయినట్టే, ఇక ఆ రోజు నడక ఆపేయాల్సిందే. బూట్లు ఇంట్లోనే వారాల ముందు అలవాటు చేయండి. వాగు దాటాక విప్పి ఆరబెట్టకపోతే తడి బూటు ఒరుసుకుని పుండు పడుతుంది. ఒకటి రెండు ఎలాగూ జారిపోతాయి, అదనపు జత ఉండాలి. మెయిన్‌లోని మహూసుక్ నాచ్‌లో మైలు పొడవునా బండరాళ్లే. అక్కడ కుక్కని ఎత్తి దింపాలి కాబట్టి వీపున పిడి ఉన్న హార్నెస్, తోడుగా ఇంకో మనిషి కావాలి.

పిడుదుల వల్ల లైమ్ జబ్బు వస్తుంది. పశువైద్యుడిచ్చే మందు వేసినా, సాయంత్రం చెవులు, చంకలు తడిమి చూడండి. ఇంకోటి, షుగర్ ఉన్నవాళ్ల సంచిలో సుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ ఉండటం మామూలే. అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్కకి విషం. కిస్‌మిస్, చాక్లెట్, ఐబూప్రొఫెన్ మాత్రలూ అంతే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో సర్వీస్ డాగ్ సర్టిఫికెట్ కొంటే పార్కుల్లోకి రానిస్తారా?
– ఓ పాఠకుడు, షార్లెట్

జవాబు: డబ్బు దండగ. అమెరికా చట్టం ఆ కాగితం అడగదు. వైకల్యం కారణంగా కుక్క అవసరమా, ఏ పనికి శిక్షణ ఇచ్చారు అన్న రెండు ప్రశ్నలే అడగొచ్చు. మనసుకు ఊరటనిచ్చే కుక్క సర్వీస్ డాగ్ కిందకి రాదు. గ్రేట్ స్మోకీ పర్వతాల్లో ఈ బాట మీదకి పెంపుడు కుక్కల్ని రానివ్వరు, సర్వీస్ కుక్కల్ని రానిస్తారు. చివర్న మెయిన్‌లోని బాక్స్‌టర్ పార్కుకు వెళ్లేముందు ఫోన్ చేసి మాట్లాడుకోండి. రేబిస్ టీకా కాగితం మాత్రం నిజంగా పనికొస్తుంది, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి.