గేమ్ కోర్సా, సి కోర్సా? పరకాల తండ్రికి జవాబు

ప్రశ్న: మా పాప పదో తరగతి పరీక్షలు రాసింది. సెలవుల్లో హనుమకొండలో గేమ్ డెవలప్‌మెంట్ కోర్సులో చేరతానంటోంది. ఫీజు 30 వేలు. మా తమ్ముడి కొడుకు సి అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాడు. ఏది మేలు? ఆటలంటూ పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ తండ్రి, పరకాల

జవాబు: మీ అసలు భయం పాప చేతిలో ఫోన్ గురించేనని ఉత్తరం చదివితే తెలిసిపోతోంది. ఆట ఆడడం వేరు, తయారు చేయడం వేరు. తయారు చేయడానికి కూర్చున్న పిల్లలకు ఆడే తీరికే దొరకదు, ధైర్యంగా ఉండండి.

తంగేడు పూలు పైనుంచి రాలుతుంటే బుట్టతో పట్టే ఆట అనుకుందాం. పువ్వు నిజంగా రాలినట్టు కనిపించాలంటే, తెర మారిన ప్రతిసారీ దాని వేగానికి కొంత కలుపుతూ పోవాలి. తొమ్మిదో తరగతిలో చదివిన గురుత్వాకర్షణే అది. 'స్కోరు సున్నా' అనే లైను పొరపాటున లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్ భాగం) లోపల రాసిందనుకోండి. తెర సెకనుకు 60 సార్లు మారితే స్కోరూ 60 సార్లు సున్నా అవుతుంది. ఎన్ని పూలు పట్టినా పెరగదు. గంటసేపు తల పట్టుకుని, ఆ లైనును తనే లూప్ బయటికి తెచ్చిందంటే, లూప్ గురించి ఇక ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఆ 30 వేల కోర్సు మీద మాత్రం నాకు గట్టి అనుమానం ఉంది. ఇలాంటి చాలా చోట్ల మొదటి రోజే యూనిటీ లాంటి పెద్ద గేమ్ ఇంజిన్ (ఆటకు కావాల్సినవి ముందే సిద్ధంగా ఉండే సాఫ్ట్‌వేర్) తెరుస్తారు. నాలుగు క్లిక్కులతో వస్తువు దానంతటదే కింద పడుతుంది. ఎందుకు పడిందో పిల్లలకు తెలియదు. వీడియో చూసి అలాగే కొట్టి, బొమ్మలు మార్చి, సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. ఖాళీ ఫైల్ ఇచ్చి ఒక్క బంతిని కదిలించమంటే చేతులాడవు. ఫీజు కట్టే ముందు అక్కడి పాత విద్యార్థి చేత మీ ఎదుటే అది రాయించమనండి. గేమ్ కంపెనీలో ఉద్యోగం ఖాయమంటే అసలే నమ్మొద్దు.

సి అంటారా, రేపు పాలిటెక్నిక్‌లోనో బీటెక్‌లోనో ఎటూ నేర్పుతారు. ఇప్పుడే రాకపోతే కొంపలేం మునగవు.

ఒక మాట కటువుగానే చెబుతాను. తమ్ముడి కొడుకుతో పోలిక మానండి. నేర్చుకుంటానని నోరు తెరిచి అడిగిన పిల్లను పాడైపోతుందంటారా? అబ్బాయి అడిగితే ఇంత టెన్షన్ పడేవారా? ఏ ఆట చేయాలనుకుంటోందో ఒక్కసారైనా అడిగారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు.

ఇంట్లో కంప్యూటర్ లేకపోతే ఆ డబ్బులోనే వాడిన ల్యాప్‌టాప్ ఒకటి కొనిపెట్టండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో విడుదల చేసిన స్క్రాచ్ (దిమ్మెలు పేర్చినట్టు ప్రోగ్రాం రాసే సాధనం) బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తుంది. రెండు వారాలు దాంతో, తర్వాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఆటలు రాయడానికి పనికొచ్చే పైగేమ్‌తో చేయనివ్వండి. అదీ ఉచితమే. సెలవులయ్యాక కూడా కోర్సే కావాలంటే అప్పుడు ఆలోచిద్దాం.