చిన్న బజారులో కొట్టు పెట్టబోతున్న వాసుకు

చిరంజీవి వాసుకు, ఒంగోలు నుంచి అత్త ఆశీర్వదించి రాయునది.

నెల్లూరు చిన్న బజారులో నూడుల్స్, ఫ్రైడ్ రైస్ కొట్టు పెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చెప్పడం కూడా ఎట్ట? "ఇంజినీరింగ్ చదివించింది కడాయి తిప్పడానికా అక్కా" అని. నాకు లోపల నవ్వొచ్చింది. మీ మామ పోయాక మన ఇంట్లో మళ్ళీ ఒకడు పొయ్యి ముందు నిలబడుతున్నాడు గదా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ రాత్రి కన్ను మూతపడలేదు. మాటల్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు, చెవిన పెట్టవు. అందుకే రాస్తున్నా.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడు, ఇంటి సిలిండరు కొట్లోకి తేవద్దు. గ్యాసు గాలికన్నా బరువు, కిందనే పేరుకుంటుంది, కాబట్టి గుంటలో పెట్టకు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తెరవకముందే చేయించు. ఖాతా పుస్తకం అసలు కొననే కొనకు, పుస్తకం ఉంటే అప్పు అడిగేవాడు వస్తాడు. మంచూరియాలో ఎర్ర రంగు పొడి వేయకు. పక్క కొట్టు వాడు వేస్తాడు, వాడిది ఎర్రగా ఉంటుంది, నీది గోధుమ రంగులో ఉంటుంది, నాలుగు రోజులు ఓర్చుకో. అజినొమోటో గురించి నేను గొడవ పడను గాని, వేశావా అని ఎవరైనా అడిగితే వేశానని చెప్పు.

ఇంకో మాట. అసలు చైనా రుచి రావడం లేదని టెన్షన్ పడుతున్నావట. ఆ మంచూరియా చైనాలో పుట్టిందే కాదురా. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనా వంటాయన 1975లో బొంబాయిలో చేశాడు. మనవాళ్ళ అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చినే తీసుకుని గరం మసాలా బదులు సోయా సాస్ పోశాడు. మనకోసం పుట్టిన కూరకు మన రుచి తగిలితే తప్పేముంది? నెల్లూరులో ఉండి రొయ్యల ఫ్రైడ్ రైస్ బాగా చేయలేకపోతే మాత్రం నాకు మొహం చూపించకు.

బియ్యం బీపీటీ 5204, అదే సాంబ మసూరి, తీసుకో. పాత బియ్యం కావాలి. కొత్తవైతే ముద్దవుతాయి, కడాయిలో గరిటె తిరగదు.

ఇక నాకు నిద్ర పట్టని సంగతికి వస్తా. నువ్వు పెట్టుకున్న వంట మాస్టరు "నిన్నటి అన్నమైతే పలుకు పలుకుగా వస్తుంది" అన్నాడట. మీ నాన్న అదేదో గొప్ప రహస్యంలాగా చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆరిన అన్నం గట్టిపడుతుంది, వేయిస్తే విడివిడిగా ఉంటుంది. కానీ ఆ రాత్రంతా అన్నం ఎక్కడుంది, ఎట్లా ఉంది? అది అడిగావా?

1994 మే నెల. ఒంగోలులో మా మెస్ మంచి ఊపు మీదుంది. ఎంసెట్ కోచింగ్ పిల్లలు నలభై మంది దాకా రెండు పూటలా మా దగ్గరే తినేవాళ్ళు. ఒక రాత్రి రిసెప్షన్ భోజనాల ఆర్డరు వచ్చింది. చెప్పిన జనంలో సగం కూడా రాలేదు. పెద్ద గుండిగ నిండా అన్నం మిగిలిపోయింది. అన్నం పారేస్తే పాపమని మా అత్తగారు మూత పెట్టించింది. నేను కూడా ఏమీ అనలేదు. చద్దన్నం తిని పెరిగినదాన్నే గదా. నీళ్ళు పోసి, మజ్జిగ కలిపి పులియబెట్టిన అన్నం వేరు, గుండిగలో కుప్పగా మగ్గిన అన్నం వేరు అన్న తెలివి అప్పుడు లేదు.

పొద్దున ఐదింటికి మూత తీసి చెయ్యి పెట్టా. పైన చల్లగా ఉంది. మోచేతి దాకా దించితే నడిమిట్లో ఇంకా గోరువెచ్చగా ఉంది. వాసన లేదు, జిగురు లేదు. వెచ్చగా ఉందంటే పాడవలేదనే అనుకున్నా. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి ఘాటుగా తిరగమోత పెట్టి మొత్తం కలిపేశా. పిల్లలు రెండోసారి కూడా పెట్టించుకున్నారు.

ఎనిమిదింటికి తిన్నారు. పదకొండు కాకముందే వాంతులు మొదలయ్యాయి. పదకొండు మంది. పది మంది సాయంత్రానికి లేచి కూర్చున్నారు. ఒకడు మాత్రం బాగా నీరసించిపోయాడు. పొదిలి దగ్గరి పల్లెటూరు వాడిది. పరీక్షకు ఇంకా వారమే ఉంది. సెలైను సూది గుచ్చిన చేతిని కదలకుండా పెట్టుకుని, ఇంకో చేత్తో ఫిజిక్స్ పుస్తకం పట్టుకున్నాడు.

డాక్టరు నన్ను అడిగాడు, "అన్నం ఎప్పుడు వండారమ్మా?" అని.

"పొద్దున్నే సార్" అన్నాను.

పక్కన మీ మామ ఉన్నాడు. నా మొహం చూసి తల దించుకున్నాడు. మధ్యాహ్నం బస్సుకు ఆ పిల్లవాడి తండ్రి వచ్చాడు. పంచె మోకాళ్ళ దాకా మడిచి కట్టుకున్న రైతు. తిడతాడని చూశా. "కావాలని పెట్టారా ఏందమ్మా, ఎండలు అట్టా ఉన్నాయి" అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. పిల్లవాడు పరీక్ష రాశాడని విన్నాను, ఏమైందో తెలియదు. ఈ సంగతి మీ నాన్నకు కూడా తెలియదు వాసూ. మీ మామ పోయేదాకా మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

చాలా ఏళ్ళకు మన బంధువుల్లో ఒక డాక్టరమ్మాయి విడమరిచి చెప్పింది. బియ్యంలో ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి, ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి, పెరిగి విషం వదులుతాయి. ఆ విషం ఎంత మంట మీద వేయించినా పోదట. నీ కడాయిలో మంట పైకి లేస్తుంది గదా, అది చూసి ఏదైనా చచ్చిపోతుందని అనుకుంటావు. నేనూ తిరగమోత ఘాటు చూసి అట్టాగే అనుకున్నా.

అందుకని ఇట్టా చెయ్యి. అన్నం ఒక పలుకులో దించు, గంజి పూర్తిగా వంచు, వెంటనే వెడల్పాటి పళ్ళేల్లో రెండు వేళ్ళ మందాన పరిచి ఫ్యాను కింద పెట్టు. గంటలోగా ఫ్రిజ్‌లోకి పోవాలి. వేడి కుప్పను తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెడితే నడిమిట్లో వెచ్చగానే ఉంటుంది, నా గుండిగలాగా. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉందో లేదో చూసుకోవడానికి చిన్న థర్మామీటరు కొను. రాత్రి కరెంటు ఎక్కువసేపు పోయిందని తెలిస్తే ఆ అన్నం పారెయ్యి. పాపం వస్తే నాకు రానీ. సాయంత్రం ఐదింటికి కొట్టు తెరుస్తావు కాబట్టి, మధ్యాహ్నం వండి ఆరబెట్టినా పలుకు బాగానే వస్తుంది. మాస్టరు ఒప్పుకోకపోతే నాతో మాట్లాడించు.

నిన్ను భయపెడుతున్నానని మీ అమ్మ అంటుంది. అనుకోనీ. చిన్నప్పుడు నా వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, "అత్తా, ఉప్పు తక్కువైంది" అని నాకే వంకలు పెట్టేవాడివి. నాలుక మంచిదిరా నీది. దాని మీద నాకేమీ అనుమానం లేదు.

వేడి అన్నం పరచడానికి స్టీలు పళ్ళేలు ఆరు అటక మీద ఉన్నాయి. మెస్ ఇరవై రోజులు మూసి మళ్ళీ తెరిచిన రోజు మీ మామ కొనుక్కొచ్చాడు. అంచులు సొట్టలు పోయాయి గాని గట్టివే. ఆదివారం మీ నాన్న ఇటు వస్తున్నాడు, ఇచ్చి పంపుతా. తెరిచే రోజు నేనూ వస్తా. రొయ్యల ఫ్రైడ్ రైస్ ఒక ప్లేటు, కారం తగ్గించి. తినే ముందు నీ ఫ్రిజ్ తెరిచి చూస్తా, అందరి ముందూ చూస్తా, కోప్పడకు.

మీ అత్త