కోర్సు పేరు తర్వాత, ముందు కాన్పుల లెక్క అడుగు

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు నర్సింగ్ చదివి ఆ తర్వాత మిడ్‌వైఫరీకి, అంటే కాన్పులు చేసే చదువుకి, రావాలా, లేక నేరుగా మిడ్‌వైఫరీలోనే చేరాలా అని కదా నీ తర్జనభర్జన. మూడో దారి కూడా ఉంది. అనుభవమున్న మిడ్‌వైఫ్ దగ్గర శిష్యరికం చేసి పరీక్ష రాయడం. అమెరికాలో సర్టిఫైడ్ ప్రొఫెషనల్ మిడ్‌వైఫ్ అనే గుర్తింపు అలా కూడా తెచ్చుకోవచ్చు. కానీ ఆ దేశంలోనే అన్ని రాష్ట్రాలూ దానికి లైసెన్సు ఇవ్వవు. నువ్వు ఎక్కడ స్థిరపడతావో నీకే తెలియదు కాబట్టి ఆ మాట మర్చిపో.

కాలం సంగతి చెబుతాను. అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య పెట్టిన ప్రమాణం ప్రకారం నేరుగా చేరేవాళ్ళకు కనీసం 3 ఏళ్ళు, అప్పటికే నర్సులైన వాళ్ళకు కనీసం 18 నెలలు. అందులో సగానికి తగ్గకుండా చేతిపని ఉండాలి. ఆరు నెలల్లో మిడ్‌వైఫ్‌ని చేస్తామని ఎవరైనా అంటే ఫీజు ఎంతో కూడా అడక్కుండా వచ్చెయ్.

నేను నర్సింగ్ మీదుగానే వచ్చాను. దాని మేలు తక్కువేం కాదు. బీపీ పడిపోతుంటే చెయ్యి దానంతటదే సెలైన్ మీదికి పోతుంది, రక్తం చూస్తే కాళ్ళు వణకవు, కాన్పుల పని మనకు సరిపడకపోతే ఇంకో వార్డు ఉంటుంది. కానీ నర్సింగ్ నాకు ఒక చెడ్డ అలవాటు కూడా అంటగట్టింది. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ రోగిలాగే కనబడేది. నొప్పులతో అటూ ఇటూ నడుస్తున్న తల్లిని చూస్తే మంచం మీద పడుకోబెట్టేదాకా నాకు తోచేది కాదు. అది వదిలించుకోవడానికి రెండేళ్ళు పట్టింది. నేరుగా చదివి వచ్చినవాళ్ళకు ఆ జబ్బు ఉండదు, వాళ్ళు ఓపిగ్గా కూర్చోగలరు. అయితే తల్లికి గుండె జబ్బో షుగరో ఉంటే మొదట్లో కాస్త తడబడతారు. కాన్పుల పని తప్ప ఇంకేదీ వద్దనుకుంటే నేరుగా చేరు. మనసు ఊగుతుంటే నర్సింగ్ మీదుగా రా. నువ్వు పనిచేయాలనుకునే చోట నర్సు రిజిస్ట్రేషన్ లేనిదే మిడ్‌వైఫ్ లైసెన్సు రాదంటే ఇక ఆలోచనే అక్కర్లేదు. అందుకే లైసెన్సు ఇచ్చే కౌన్సిల్ నిబంధనలు కాలేజీ వాళ్ళ నోట వినకు, నువ్వే చదువు.

ఇక అసలు సంగతి. నీ చేతుల మీదుగా ఎన్ని కాన్పులు చేయిస్తారు? యూరోపియన్ యూనియన్‌లో విద్యార్థి స్వయంగా కనీసం 40 కాన్పులు చేయాలి, గర్భిణుల పరీక్షలు 100 చేయాలి. కాన్పులు దొరకని చోట 30కి తగ్గించవచ్చు గానీ ఇంకో 20 కాన్పుల్లో చెయ్యి సాయం పట్టాలి. నీ కాలేజీని ఆ కొలతతో చూడు. నేను చదివిన చోట ఒక్క మంచం చుట్టూ పన్నెండు మందిమి నిలబడేవాళ్ళం. వెనక వరసలోంచి తొంగిచూసినదాన్ని కూడా ‘చేసినట్టు’ రాసి సంతకం పెట్టించేవారు. తర్వాత నా మొదటి రాత్రి డ్యూటీలో బిడ్డ హాయిగా పుట్టింది, మాయ బయటికి తీసే దగ్గర ఆగిపోయాను. బొడ్డుతాడు లాగేటప్పుడు రెండో చేత్తో పొత్తికడుపు మీద గర్భసంచిని పైకి ఆనించి పట్టాలని పుస్తకం అప్పజెప్పగలను, కానీ తాడు ఎప్పుడూ పట్టుకున్న చెయ్యి కాదు. ఎంత బలం పెట్టాలో తెలియక సీనియర్ కోసం కేకేశాను. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే అంటారు గదా, ఆ పట్టడమే నేర్పలేదు మాకు.

నేర్పింది ఆ సీనియరే. ఓసారి కడుపు తడిమి తల కిందే ఉందన్నాను. ఆవిడ తప్పని అనలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కటెముకల కింద పెట్టి, చిన్నగా తోయమంది. గట్టిగా, గుండ్రంగా ఉన్నదేదో నీళ్ళలో బంతిలా తనొక్కటే అటూ ఇటూ ఆడింది. అది తల. కింద నేను తల అనుకున్నది మెత్తగా, వెడల్పుగా ఉంది, కదిపితే బిడ్డ ఒళ్ళంతా దానితోపాటు కదులుతోంది. ఎదురుకాళ్ళ బిడ్డ! పుస్తకంలో మూడు వరుసల విషయం, ఆ పూట నా వేళ్ళకెక్కింది. అలా పక్కన నిలబడేవాళ్ళు ఉన్న చోటు దొరికితే కాలేజీ భవనం పాతదైనా ఫరవాలేదు.

కాబట్టి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాక ఆఖరి సంవత్సరం పిల్లల్ని పట్టుకో. ఎన్ని కాన్పులు సొంతంగా చేశారు, రాత్రిపూట పక్కన ఎవరుంటారు, కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కుపోతే ఏం చేయాలో బొమ్మ మీద ఎన్నిసార్లు చేయించారు, పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోకపోతే మొదటి నిమిషంలో ఏం చేయాలో నేర్పారా? కాన్పు అయ్యాక పాలు పట్టించడం, బాలింతను కనిపెట్టుకుని ఉండడం నేర్పుతున్నారా అని కూడా అడుగు. మన పనిలో ఎక్కువ భాగం అదే, ఎవరూ చెప్పరు గానీ.

చేసిన కాన్పులు రాసుకునే లాగ్‌బుక్ ఒకటి చూపించమను. జవాబులు కాగితం మీద రాసుకుని నాకు పంపు. మాట దాటేస్తే అదీ రాయి. ఫీజు మాత్రం నా ఉత్తరం వచ్చేదాకా కట్టకు.

ఇట్లు
మీ అత్తయ్య